ఎలుక ఎవరు, బోను ఏది? ‘ఎలిప్పత్తాయం’లో జంతు ప్రతీకల చరిత్ర

సినిమాలో ఒక జంతువు కనిపించగానే దాని అర్థమేమిటని వెతకడం మనకు అలవాటు. పక్షి అంటే స్వేచ్ఛ, పాము అంటే కామం, ఎలుక అంటే భయం. ఇలాంటి చిన్న నిఘంటువు ఒకటి ప్రతి ప్రేక్షకుడి దగ్గరా ఉంటుంది. మనస్తత్వ చిత్రాల దగ్గరికి వచ్చేసరికి దాని వాడకం మరీ ఎక్కువవుతుంది. పాత్ర మనసులో ఉన్నదాన్ని తెర మీద చూపడానికే దర్శకుడు జంతువును తెచ్చాడని ముందే అనుకుంటాం కాబట్టి, ఫలానా జంతువు ఫలానా భావానికి గుర్తు అని తేలగానే చిత్రం అర్థమైపోయిందని సంతృప్తి పడతాం.

అదూర్ గోపాలకృష్ణన్ 1981లో తీసిన మలయాళ చిత్రం ‘ఎలిప్పత్తాయం’ ఈ అలవాటుకు మంచి పరీక్ష. పేరుకు అర్థం ఎలుకల బోను. కథానాయకుడు చీకటికి, మనుషులకు, మార్పుకు భయపడి ఇంట్లోనే ముడుచుకుపోయే మనిషి. చివర అతణ్ణి తరిమి పట్టుకుని చెరువులో పడేస్తారు. కాబట్టి ఎలుక అతడు, బోను అతడి ఇల్లు. ఈ సమీకరణం తప్పు కాదు. దర్శకుడే దానికి దారి వేసి పెట్టాడు. అయితే అక్కడితో ఆగితే రెండు సంగతులు చేజారిపోతాయి. ఆ ఎలుకకు అర్థం మనస్తత్వ శాస్త్రం కన్నా కేరళ ఆస్తి చట్టాల చరిత్ర నుంచే ఎక్కువగా వస్తుందన్నది మొదటిది. ఆ చరిత్రను పక్కన పెట్టి చేసే వ్యాఖ్యానం ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ నష్టపోయిన మనిషిని మరుగున పడేస్తుందన్నది రెండవది. ఈ రెండింటినీ నిరూపించే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఇల్లు, ఇంట్లో మనుషులు

కథ చిన్నది. మధ్య తిరువాన్కూరు పల్లెలో ఒక పాత నాయర్ కుటుంబం ఇల్లు. ఇంటి పెద్ద ఉణ్ణి (కరమన జనార్దనన్ నాయర్) పెళ్ళి చేసుకోని నడివయసు మనిషి. ఒంటికి నూనె పట్టించుకోవడం, మీసం దిద్దుకోవడం, వసారాలో కూర్చుని పేపరు చదవడం అతడి దినచర్య. ఇంటి పనంతా పెళ్ళికాని చెల్లెలు రాజమ్మ (శారద) చేస్తుంది. చిన్న చెల్లెలు శ్రీదేవి (జలజ) చదువుకుంటున్న పిల్ల. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటున్న అక్క జానమ్మ (రాజం కె. నాయర్) వచ్చి తన వాటా అడుగుతుంది. ఉణ్ణి దేనికీ జవాబు చెప్పడు. రాజమ్మకు వచ్చిన సంబంధాన్ని హోదా చాలదని తోసిపుచ్చుతాడు. రాత్రిపూట దొంగలు కొబ్బరికాయలు దింపుకుపోతున్న చప్పుడు వినిపిస్తున్నా లేచి వెళ్ళడు. ఒకరోజు శ్రీదేవి ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. తర్వాత రాజమ్మ జబ్బుపడుతుంది. ఆమెను మనుషులు ఎత్తుకుని తీసుకుపోతారు. మిగిలిన ఉణ్ణి తలుపులు బిగించుకుని ఒంటరిగా బతుకుతాడు.

చిత్రంలో మాటలు తక్కువ. ఆరంభంలో పేర్లు పడుతున్నంతసేపూ ఇంటి వస్తువులే దగ్గరగా కనిపిస్తాయి. ఇది అదూర్ తీసిన మొదటి రంగుల చిత్రం. ఛాయాగ్రాహకుడు మంకడ రవివర్మ. ముగ్గురు స్త్రీలకు దుస్తుల్లో మూడు రంగులు కేటాయించారు: శ్రీదేవికి ఎరుపు, రాజమ్మకు నీలం, జానమ్మకు ఆకుపచ్చ. ఈ చిత్రం 1982లో కాన్ ఉత్సవంలో అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో ప్రదర్శితమైంది. అదే సంవత్సరం బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీ అందుకుంది. అంతకు చాలా ఏళ్ళ ముందు సత్యజిత్ రాయ్ ‘అపూర్ సంసార్’కు వచ్చిన పురస్కారమది.

గాదె, బోను: ఒకే మాట

ప్రతీకకు తాళంచెవి చిత్రం పేరులోనే ఉంది. మలయాళంలో ‘ఎలి’ అంటే ఎలుక. ‘పత్తాయం’ అంటే ధాన్యం నిలవచేసే పెద్ద కొయ్యపెట్టె, మన గాదె లాంటిది. పాత ఇళ్ళలో పత్తాయం ఎంత పెద్దదైతే ఆ ఇంటి పరపతి అంత గొప్పది. ఎలుకను పట్టే కొయ్యపెట్టెకూ అదే మాట వాడి ‘ఎలిప్పత్తాయం’ అన్నారు. తెలుగులో ‘ఎలుకల బోను’ అనగానే ఈ శ్లేష పోతుంది. మలయాళీకి మాత్రం ఆ పేరులో గాదె, బోను రెండూ వినిపిస్తాయి. ధాన్యం నిండుగా ఉంటే గాదె. ధాన్యం రావడం ఆగిపోయాక ఆ చీకటి పెట్టెలో చిక్కుకున్నవాడికి అది బోను.

తెలుగులో పని చేయకుండా కూర్చుని తినేవాణ్ణి గాదె కింద పందికొక్కు అంటాం. ఈ నుడికారం చెప్పే సంగతి కేవలం మనస్తత్వానికి సంబంధించింది కాదు. ఎవరో పండించింది, ఎవరో మోసుకొచ్చి పోసింది, మరెవరో కింద చేరి తింటున్నారని అది చెబుతుంది. పల్లె ఇంట్లో ఎలుక మొదట తిండి దొంగ. భయానికో అపరాధ భావానికో గుర్తు కావడం ఆ తర్వాతి మాట. ‘ఎలిప్పత్తాయం’ ఆ మొదటి అర్థాన్ని వదలకుండా రెండో దానికి వెళుతుంది.

మన అలంకారశాస్త్రంలో ఈ తేడాకు పేరుంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వనిని రెండుగా విభజించాడు. వాచ్యార్థాన్ని ఉద్దేశించకుండా పక్కకు పెట్టేది ఒకటి, అవివక్షితవాచ్యం. వాచ్యార్థాన్ని నిలబెట్టి దాని మీదుగా మరో అర్థానికి తీసుకుపోయేది రెండవది, వివక్షితాన్యపరవాచ్యం. ‘ఎలుక అంటే భయం’ అనగానే మనం ఎలుకను పారేసి భయాన్ని మాత్రం ఉంచుకుంటున్నాం. అదూర్ పద్ధతి రెండో తరహాది. అతడి చిత్రంలో ఎలుక ముందు నిజంగా ఎలుకే. దాన్ని పట్టాలి, మోయాలి, ముంచాలి. ఆ పనులు ఎవరు చేస్తారు, ఎవరు చేయరు అన్నదాంట్లో వ్యంగ్యార్థం పుడుతుంది.

మేనమామ ఇల్లు

తండ్రి నుంచి కొడుక్కి ఆస్తి వచ్చే సమాజంలో పెరిగిన మనం ఉణ్ణిని చూడగానే చెల్లెళ్ళ వాటా తినేస్తున్న అన్నగారు అనుకుంటాం. ఆ ఇంటి న్యాయం వేరు. అది మరుమక్కత్తాయం, అంటే మేనల్లుళ్ళ, మేనకోడళ్ళ దాయం. వంశం తల్లి వైపు నడుస్తుంది. ఒక మూలస్త్రీ సంతతి అంతా కలిసి ఉండే ఉమ్మడి ఇల్లు తరవాడు. ఆస్తి తరవాడుది. పెద్ద మగవాడు కారణవర్ పేరుతో దాన్ని నిర్వహిస్తాడు. అతడి తర్వాత వంశాన్ని కొనసాగించేది అక్కచెల్లెళ్ళ పిల్లలే. కారణవర్‌కు పెళ్ళయి పిల్లలు పుట్టినా వాళ్ళు తమ తల్లి తరవాడుకు చెందుతారు.

అంటే ఆ ఇల్లు నిలిచేది ఆడవాళ్ళ వల్ల. చెల్లెలికి పెళ్ళి కాకుండా అడ్డుపడే కారణవర్ తన ఇంటి వేళ్ళను తానే నరుక్కుంటున్నాడు. వాటా కోసం వచ్చిన జానమ్మ పుట్టింటి దయ అడగడం లేదు. ఆమె హక్కుదారు, ఆమె కొడుకు వారసుడు. ఈ సంగతి తెలిస్తే ఆమె గట్టి గొంతు మనకు గయ్యాళితనంగా వినిపించదు.

ఈ పద్ధతి వందేళ్ళపాటు మెల్లగా కూలింది. ఓ. చందుమేనన్ 1889లో ‘ఇందులేఖ’ నవల రాసేనాటికే కారణవర్ అధికారం మీద చదువుకున్న యువతరం తిరగబడుతోంది. 1891లో మలబార్ వివాహ కమిషన్ ఏర్పడింది, 1896లో వివాహ చట్టం వచ్చింది. తిరువాన్కూరులో 1912 నాటి నాయర్ శాసనం సంస్కరణలకు తలుపు తెరిచింది. 1925 నాటి శాసనం తరవాడు సభ్యులు తలా ఒక వాటా చొప్పున పంచుకునే హక్కు ఇచ్చింది. కొచ్చిన్‌లో 1920, 1938 చట్టాలు వచ్చాయి. మలబార్‌కు 1933లో మద్రాసు మరుమక్కత్తాయం చట్టం వచ్చింది. ఆ చట్టం చేసిన మద్రాసు శాసనమండలిలో అప్పుడు ఆంధ్ర జిల్లాల సభ్యులూ కూర్చునేవారు. చివరకు 1975లో కేరళ శాసనసభ హిందూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. ఆ చట్టం 1976 డిసెంబరు 1 నుంచి అమలైంది.

ఈలోగా గాదె కూడా ఖాళీ అయింది. కౌలు ధాన్యం మీద బతికిన ఇళ్ళకు భూసంస్కరణలు పెద్ద దెబ్బ. 1963 నాటి కేరళ భూసంస్కరణల చట్టానికి 1969లో చేసిన సవరణ 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కౌలుదారీ విధానం రద్దయింది. దున్నేవాడికి భూమి మీద, పాకలో ఉండేవాడికి పాక కింది నేల మీద హక్కు వచ్చింది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి, గల్ఫ్ దేశాలకు వెళ్ళే మలయాళీల సంఖ్యా పెరిగింది. చిత్రంలో గల్ఫ్‌లో సంపాదించి కొత్త హంగులతో తిరిగొచ్చిన ఊరివాడు ఒకడు కనిపిస్తాడు. ఉణ్ణికి అతణ్ణి చూస్తే చిరాకు. కులం, ఇంటిపేరు, గాదె ఇచ్చే గౌరవాన్ని ఇప్పుడు విదేశంలో చెమటోడ్చి కొనుక్కోవచ్చని అతడి ఉనికే చెబుతోంది.

ఉణ్ణి తన బోనులోకి నడిచి వెళ్ళలేదు. అతడు ఉన్నచోటనే ఉన్నాడు. చుట్టూ చట్టాలు మారి, కౌలు ఆగి, పెత్తనం పోయి, ఆ చోటే బోనుగా మారింది. అదూర్ పుట్టిందీ ఇలాంటి కుటుంబ నేపథ్యంలోనే. కాబట్టి ఆ ఇంటి గదులూ గడపలూ ఆయనకు బయటినుంచి చూసినవి కావు.

ఫ్రాయిడ్ రోగి చెప్పిన ఎలుకలు

మనస్తత్వ విశ్లేషణ చరిత్రలోనూ ఒక పేరుమోసిన ఎలుక ఉంది. అదీ ఇదే పాఠం చెబుతుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1909లో ఒక యువ న్యాయవాది వ్యాధి చరిత్ర ప్రచురించాడు. ఆ రోగి ‘ఎలుకల మనిషి’గా ప్రసిద్ధుడు. సైనిక శిక్షణలో ఉండగా ఒక అధికారి చెప్పిన ఎలుకల చిత్రహింస కథ అతణ్ణి వదలకుండా వెంటాడింది.

ఎలుక అంటే మురికి, కోరిక, భయం అని అక్కడితో సరిపెట్టుకునే వీలు ఫ్రాయిడ్‌కు ఉంది. ఆయన రోగి మాటలనే పట్టుకుని వెళ్ళాడు. జర్మన్‌లో ‘రాట్టెన్’ అంటే ఎలుకలు, ‘రాటెన్’ అంటే వాయిదాల చెల్లింపులు. జూదరిని ‘ష్పీల్‌రాట్టె’ అంటారు, అంటే జూదపు ఎలుక. రోగి తండ్రి సైన్యంలో ఉన్నప్పుడు జూదంలో పోగొట్టిన డబ్బు ఒక మిత్రుడి దగ్గర అప్పు చేశాడు, ఆ అప్పు తీరనే లేదు. కొడుకు కూడా అదే శిక్షణ కాలంలో తపాలా ఖర్చు కింద చెల్లించాల్సిన చిన్న బాకీ గురించి పిచ్చెక్కేలా మథనపడ్డాడు. ఫ్రాయిడ్ తన రుసుము ఎంతో చెప్పినప్పుడు అతడి మనసు ఆ డబ్బును ఎలుకల్లో లెక్కగట్టింది. అలా తవ్వుకుంటూ పోతే ఎలుక వెనక బయటపడిన వాటిలో తండ్రి బాకీ, వారసత్వం, పెళ్ళి, డబ్బు ఉన్నాయి.

ఉణ్ణిని ఫ్రాయిడ్ రోగితో పోల్చడం నా ఉద్దేశం కాదు. పద్ధతి మాత్రం పోల్చదగ్గది. ఒక మనసులోని జంతువుకు అర్థం ఆ మనిషి భాషలో, అతడి ఇంటి లెక్కల్లో దొరుకుతుంది. వియన్నా ఎలుక వెనక తీరని బాకీ ఉంటే తిరువాన్కూరు ఎలుక వెనక పంచని ఆస్తి ఉంది.

ఎలుక, ఆవు, చెరువు

చిత్రం రాత్రి మొదలవుతుంది. నిద్రలో ఉన్న ఉణ్ణి ఎలుక కరిచిందని కేకలు పెడతాడు. ఇల్లంతా లేస్తుంది. వెతకడం, పరుగెత్తడం చెల్లెళ్ళ వంతు. అటకెక్కి పాత కొయ్యబోను దింపేది శ్రీదేవి. ఎలుక పడ్డాక బోను చేత్తో పట్టుకుని చెరువుగట్టుకు నడిచి, దాన్ని నీళ్ళలో ముంచేదీ శ్రీదేవే. ఈ నడక చిత్రంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆమె ముఖంలో జాలి ఉండదు, క్రూరత్వమూ ఉండదు. పని పూర్తి చేసే శ్రద్ధ ఒకటే ఉంటుంది. భయపడేవాడు ఒకరు, భయాన్ని వదిలించేవారు మరొకరు. ఆ ఇంట్లో నిర్ణయం తీసుకుని అమలు చేయగలిగిన ఏకైక మనిషి శ్రీదేవి అని ఎలుకల ద్వారానే ముందుగా తెలుస్తుంది. తర్వాత ఆమె ఇల్లు విడిచి వెళ్ళడం మనకు ఆశ్చర్యం కలిగించదు. బోను తలుపు ఎలా తెరుచుకుంటుందో ఆ ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు.

రెండో జంతువు ఆవు. పెరట్లోకి ఒక ఆవు వస్తుంది. వసారాలో ఉన్న ఉణ్ణి దాన్ని తోలలేడు. అరుస్తాడు, చివరికి రాజమ్మను పిలుస్తాడు. దీనికి ఏ ప్రతీకల నిఘంటువూ పనికిరాదు. గోవు అనగానే పవిత్రత అనుకునే మన అలవాటు ఇక్కడ అడ్డే వస్తుంది. అదిలిస్తే పోయే పశువు అది. రెండడుగులు దిగి వెళ్ళడమే ఉణ్ణికి చేతకాదు. పెళ్ళికి బయల్దేరి, దారిలో బురద కనిపిస్తే తెల్లటి పంచె పాడవుతుందని వెనుదిరిగి వచ్చే ఘట్టం కూడా ఈ కోవలోదే. ఎలుకకు భయపడ్డాడంటే భీరువు అనుకోవచ్చు. ఆవునూ, బురదనూ కూడా దాటలేనివాడి సంగతి వేరు. తరతరాలుగా వేరొకరి చేతులే తన చేతులుగా వాడుకున్నవాడు అతడు. ఆ చేతులు దగ్గర లేనప్పుడు తనకు చేతులున్నట్టే తెలియదు.

సమీకరణంలో మిగిలిపోయిన మనిషి

ఇప్పుడు రాజమ్మ దగ్గరికి వద్దాం. ‘ఎలుక ఉణ్ణి’ అన్న సమీకరణంలో ఆమెకు చోటు లేదు. శ్రీదేవి పారిపోయింది, ఉణ్ణి చిక్కుకున్నాడు. మరి రాజమ్మ? కొందరు ఆమెనూ మరో ఎలుకగా లెక్కిస్తారు. కానీ ఎలుక తినే జీవి. రాజమ్మ తినబడిన మనిషి. అన్నకు నీళ్ళు కాచింది, వండింది, వడ్డించింది, ఉతికింది, పిలిచినప్పుడల్లా పరుగెత్తింది. గాదెలో ధాన్యం రావడం తగ్గాక ఆ ఇల్లు నిలవచేసుకుని తిన్నది ఆమె ఒంట్లో శక్తినే. నొప్పితో మంచాన పడినా ఉణ్ణి కదలడు. ఉణ్ణిని చరిత్ర బోనులో చిక్కిన దీనుడిగా మాత్రమే చూస్తే జాలి అంతా అతడికే ఖర్చయిపోతుంది. ప్రతీకల వ్యాఖ్యానంలో ఉన్న ప్రమాదం ఇదే. మనిషిని జంతువుతో పోల్చిన మరుక్షణం ఆ మనిషి చేసిన పనులకు బాధ్యత తగ్గిపోతుంది. ఎలుకను ఎవరూ తప్పు పట్టరు కదా.

ఈ పాత్రలో తెలుగువారికి ఒక స్వంత సంబంధం ఉంది. తెనాలిలో పుట్టిన శారదకు ‘తులాభారం’, ‘స్వయంవరం’, ‘నిమజ్జనం’ చిత్రాలకు మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. వీటిలో ‘స్వయంవరం’ అదూర్ 1972లో తీసిన తొలి చిత్రం, ‘నిమజ్జనం’ తెలుగు చిత్రం. ‘ఎలిప్పత్తాయం’ తయారైన 1981లోనే తెలుగులో ‘న్యాయం కావాలి’లో ఆమె న్యాయవాదిగా ఒక అమ్మాయి పక్షాన వాదించింది. అక్కడ గొంతెత్తి హక్కు అడిగిన నటి ఇక్కడ దాదాపు మౌనంగా ఉంటుంది. రాజమ్మ హక్కులేని స్త్రీ కాదు. తల్లి వంశపు ఆస్తిలో ఆమెకు చట్టప్రకారం వాటా ఉంది. తెలుగు నేల మీద ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమానహక్కు ఇచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. మనకంటే ఎంతో ముందే ఆ హక్కు ఉన్న సమాజంలో రాజమ్మ ఇలా కరిగిపోయింది. కాగితం మీది వాటాకూ, వంటింట్లో గడిచే రోజుకూ మధ్య ఎంత దూరమో ఆమె ముఖం చెబుతుంది.

నీళ్ళలోంచి లేచినవాడు

ముగింపులో ఒక రాత్రి కొందరు మనుషులు తలుపులు బద్దలుకొట్టి లోపలికి వస్తారు. ఉణ్ణి గదిలోంచి గదిలోకి పారిపోతాడు. పట్టుకుని మోసుకెళ్ళి, శ్రీదేవి ఎలుకల్ని ముంచిన చెరువులోనే విసిరేస్తారు. వాళ్ళెవరో చిత్రం చెప్పదు. ఇది జరిగిందో, ఒంటరి మనసు కన్న పీడకలో కూడా తేల్చదు.

ఇక్కడే సమీకరణం బీటలువారుతుంది. ఎలుకలు మునిగి చచ్చాయి. ఉణ్ణి చావలేదు. తడిసి ముద్దయి, వణుకుతూ, చేతులు జోడించి మెట్ల మీదికి లేచి వస్తాడు. అంతవరకు ఉణ్ణిని ఎలుకతో పోలుస్తూ వచ్చిన చిత్రం చివరి క్షణంలో ఆ పోలికను వెనక్కి తీసుకుంటుంది. బోనులో మునిగినది పైకి రాదు. విసిరేయబడ్డవాడి చుట్టూ బోను లేదు. అంటే తరవాడు అనే పెట్టె అప్పటికే తెరుచుకుపోయింది. బయటికి వచ్చినవాడికి ఇప్పుడు కారణవర్ హోదా లేదు, పిలిస్తే పలికే చెల్లెలు లేదు, తెల్లటి పంచె లేదు. మనిషి మాత్రం మిగిలాడు. అతడికి అది శిక్షో, పునర్జన్మో ప్రేక్షకుడే తేల్చుకోవాలి. నాకు మాత్రం ఆ జోడించిన చేతులు ముఖ్యంగా తోస్తాయి. ఆవును తోలని, బురద దాటని, చెల్లెలికి వైద్యుణ్ణి పిలవని చేతులు అవి. చిత్రం మొత్తంలో ఇంకొకరిని ఏదైనా అడగడానికి అవి కదలడం ఇదే మొదటిసారి.

ఉమ్మడి కుటుంబాన్ని చట్టం రద్దు చేసిన అయిదేళ్ళకు ఈ చిత్రం వచ్చింది. కాగితం మీద చచ్చిపోయిన వ్యవస్థ మనిషి నడకలో, మీసంలో, పిలుపులో ఎంతకాలం బతికి ఉంటుందో లెక్కగట్టడానికే అదూర్‌కు ఒక ఎలుక, ఒక ఆవు, ఒక చెరువు కావలసివచ్చాయి. విదేశాల్లో స్థిరపడిన మనలో చాలామందికి ఊళ్ళో పంచని ఇల్లో, ఎవరో కనిపెట్టుకుని ఉన్న పొలమో ఉంటుంది. దాన్ని తలచుకుంటే వసారా, చెట్టు నీడ, గాదె గుర్తొస్తాయి. ఆ గాదె నింపినవారి పేర్లు, అందులోంచి తీసి వండి పెట్టినవారి పేర్లు కూడా అంత తేలిగ్గా గుర్తొస్తాయా అన్నది ‘ఎలిప్పత్తాయం’ అడిగే ప్రశ్న. ఎలుక ఎవరో తేల్చిన తర్వాత కూడా ఆ ప్రశ్న మిగిలే ఉంటుంది.